చిన్న పరిశ్రమలలో ధన నిర్వహణ: ఒక కారపు మిల్లు లెక్క

నార్కెట్‌పల్లి నుండి అద్దంకికి పోవు రహదారిపై కృష్ణానదిని దాటి పల్నాటిలో అడుగిడినవారికి కొద్ది దూరములో తగులు పెద్ద ఊరు దాచేపల్లి. ఊరి చెంత నాగులేరు పారుచున్నది. ప్రక్కనే నడికుడి రైల్వే కూడలి కలదు. నేల అడుగున సున్నపురాయి, నేలపై ప్రత్తి, మిరప ఈ ప్రాంతపు సిరులు. పూర్వము గుంటూరు జిల్లాలో నుండిన ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది.

ఇట్టి ఊళ్ళలో రైతులు, కూలీలు, ఉద్యోగులు గాక మఱియొక తరగతివారు కలరు. కారపు మిల్లు నడుపువారు, ప్రత్తి వ్యాపారము చేయువారు, సున్నపు బట్టీల యజమానులు, ఎరువుల దుకాణదారులు, ట్రాక్టరు మరమ్మతు షెడ్డు పెట్టుకొన్నవారు, వారి యొద్ద గుమాస్తాలుగను మేనేజర్లుగను పనిచేయువారు ఈ తరగతికి చెందుదురు. తాము పని చేయుచు మఱి నలుగురికి పని చూపువారు వీరే. సరకును గూర్చి వీరికి తెలియని విషయము లేదు. మిరపకాయ చేతబట్టినంతనే దాని రకము, తేమ, ఘాటు చెప్పగలరు. కాని "గడచిన నెలలో మీ మిల్లుకు మిగిలినదెంత?" అని యడిగినచో పలువురు గల్లాపెట్టె వైపు చూతురు. పెట్టె నిండుగానున్నచో లాభమనియు, వెలితిగానున్నచో నష్టమనియు తలంతురు. ఈ తలంపే అనేక చిన్న పరిశ్రమల పాలిటి శాపమగుచున్నది.

సరకు మంచిది, గిరాకి కలదు, యజమాని కష్టజీవి. ఐనను రెండు మూడేండ్లలో మిల్లు మూతబడుట మనము చూచుచునే యున్నాము. అట్లు మూతబడినప్పుడు నష్టపోవువాడు యజమాని యొక్కడే కాడు. తొడిమలు తీయు స్త్రీలకు కూలి పోవును. కాయలు అరువుకిచ్చిన రైతు తన పంట సొమ్ముకై తిరుగవలసివచ్చును. ఇంటి యిల్లాలి నగలు బ్యాంకు తనఖాలో చిక్కుకొనును. ఈ ఆపదను చాలవరకు తప్పించు విద్యయే ధన నిర్వహణ. ఇది పెద్ద కంపెనీల వారికే పరిమితమైన విద్య కాదు. కూడికలు, తీసివేతలు, గుణకార భాగహారములు వచ్చినవారెల్లరు దీనిని నేర్వవచ్చును.

శిక్షణవలన ప్రయోజనమున్నదా?

"వ్యాపారము పుట్టుకతో రావలెను గాని నేర్పిన వచ్చునా?" అని కొందరు సంశయింతురు. ఈ సంశయమునకు సమాధానము మన తెలుగు నేలపైననే లభించినది. చిన్న పరిశ్రమలవారికి శిక్షణనిచ్చుటకై భారత ప్రభుత్వము 1960లో ఢిల్లీలో ఒక సంస్థను స్థాపించి, 1962లో దానిని హైదరాబాదులోని యూసుఫ్‌గూడకు తరలించినది. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ యని పేరొందిన ఆ సంస్థయే నేడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా కొనసాగుచున్నది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఈ సంస్థ సహకారముతో కాకినాడ వ్యాపారస్థులను జట్లు జట్లుగా హైదరాబాదుకు రప్పించి సుమారు పది దినముల చొప్పున శిక్షణ నిప్పించెను. అట్లు శిక్షణ పొందినవారు సుమారు ఏబదిమంది. పోల్చి చూచుటకై, శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారస్థుల స్థితిగతులను గూడ పరిశీలించిరి. ఆ ఫలితములు 1969లో గ్రంథరూపమున వెలువడినవి. శిక్షణ ముగిసిన తరువాతి రెండేండ్లలో, దానిని పొందినవారిలో దాదాపు సగముమంది తమ వ్యాపారములను చెప్పుకోదగినంతగా పెంపొందించుకొనిరి. శిక్షణ పొందనివారిలో అట్లు చేసినవారు నాలుగవ వంతు మాత్రమే.

ఆ శిక్షణలో ఒక ఆట యుండెను. కొంత దూరమున కొయ్య మేకు పాతి, దానిలో పడునట్లు వలయమును విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో ఆడువాని యిష్టము. మరీ దగ్గర నిలిచినవానికి గెలుపులో రుచి లేదు. మరీ దూరమున నిలిచినవానిది జూదము. తన శక్తిని ఎరిగి, కొంచెము కష్టమైనను సాధ్యమగు దూరమున నిలిచి, ప్రతి విసరునకు ఫలితము చూచుకొని సరిదిద్దుకొనువాడే మంచి వ్యాపారస్థుడని ఆ ఆట నేర్పినది. మేకు కనబడనిచో గురి కుదరదు. వ్యాపారములో ఆ మేకు లెక్కల పుస్తకమే.

రెండు పెట్టెలు

మొదటి పాఠము మిక్కిలి సులభమైనది. ఆచరణలో మిక్కిలి కష్టమైనదియు నిదియే. ఇంటి సొమ్మును, వ్యాపారపు సొమ్మును వేరుచేయవలెను. పిల్లవాని బడి రుసుము, బంధువుల పెండ్లి చదివింపులు, పొలమునకు పురుగుమందు, ఇవన్నియు మిల్లు గల్లాపెట్టెనుండి పోవుచున్నంతకాలము మిల్లు లాభమో, నష్టమో బ్రహ్మకైనను తెలియదు. బ్యాంకులో రెండు ఖాతాలు, ఇంట రెండు పెట్టెలు ఉండవలెను. యజమాని తనకు నెలకింత అని జీతము నిర్ణయించుకొని, దానితోనే సంసారము నడుపుకొనవలెను.

రెండవ పని పద్దు వ్రాయుట. మన పెద్దలకు ఇది కొత్త గాదు. నాటి కరణములు దండకవిలెలు వ్రాసిరి. కోమట్లు ఏనాటినుండియో చిట్టా, ఆవర్జా పెట్టుచున్నారు. జరిగిన లావాదేవిని జరిగిననాడే వరుసగా వ్రాయునది చిట్టా. ఎవరి పేర ఎంత బాకీ, ఏ ఖర్చుకు ఎంత పోయినది అని విడదీసి వ్రాయునది ఆవర్జా. నేడు మన పల్లెలలోని మహిళా పొదుపు సంఘములు గూడ ప్రతి సమావేశమున పొదుపు, అప్పు, వాయిదా లెక్కలు పుస్తకమున కెక్కించుచున్నవి. కొన్ని వందల రూపాయల పొదుపునకు సంఘపు స్త్రీలు చూపు శ్రద్ధను లక్షల వ్యాపారమునకు మిల్లు యజమాని చూపకుండుట న్యాయమా? పుస్తకముననే వ్రాసినను, ఫోనులో వ్రాసినను, రాత్రి దుకాణము కట్టుటకు ముందు పదినిమిషములు చాలును.

కిలో కారము నిజముగా ఎంతకు పడినది?

ఇక ఒక ఉదాహరణ తీసికొందము. దాచేపల్లిలో ఒక యువకుడు కారపు మిల్లు పెట్టినాడనుకొందము. ఈ మిల్లు కల్పితము. అంకెలు లెక్క తేలికగా నుండుటకై గ్రహించినవి. మీ మిల్లు అంకెలను వీని స్థానమున నుంచి లెక్క కట్టుకొనవలెను.

అతడు గుంటూరు మార్కెట్ యార్డులో క్వింటాలు 18,000 రూపాయల చొప్పున ఎండుమిరప కొనుచున్నాడు. కారమును కిలో 270 రూపాయలకు దుకాణములకు వేయుచున్నాడు. "కొన్నది 180, అమ్మినది 270. కిలోకు 90 రూపాయలు మిగులుచున్నది" అని అతని లెక్క.

ఈ లెక్కలో మొదటి తప్పు తరుగు. తొడిమలు తీసి, తాలుకాయ లేరి, ఎండబెట్టి ఆడించగా క్వింటాలు కాయలకు 90 కిలోల కారమే వచ్చుననుకొందము. అప్పుడు కిలో కారమునకు పడిన కాయల ఖరీదు 180 కాదు, 200 రూపాయలు. దానికి తోడు:

తొడిమలు తీయు కూలి – 10 రూపాయలు
ఆడించుటకు విద్యుత్తు – 6 రూపాయలు
పొట్లము, ముద్రణ – 9 రూపాయలు
రవాణా – 5 రూపాయలు

మొత్తము 230 రూపాయలు. ఇవి ప్రతి కిలోతో పాటు పెరుగు ఖర్చులు. కావున కిలోకు నిజముగా మిగులునది 90 గాదు, 40 రూపాయలు మాత్రమే. వస్తు సేవల పన్ను ఈ ధరలో చేరలేదు. కొనుగోలుదారునినుండి వసూలు చేసిన ఆ పన్ను ప్రభుత్వమునకు చెల్లవలసిన సొమ్ము. అది పెట్టెలో నున్నను యజమానిది కాదు.

ఎంత అమ్మినచో ఖర్చులు గట్టెక్కును?

మిల్లు ఆడినను, ఆడకున్నను నెల తిరుగుసరికి తప్పని ఖర్చులు కొన్ని కలవు:

షెడ్డు అద్దె – 5,000 రూపాయలు
ఇద్దరు పనివారి జీతము – 24,000 రూపాయలు
యజమాని జీతము – 12,000 రూపాయలు
బ్యాంకు వడ్డీ – 13,000 రూపాయలు
యంత్రపు తరుగుదల – 4,000 రూపాయలు
ఇతరములు – 2,000 రూపాయలు

మొత్తము 60,000 రూపాయలు.

ఇందు తరుగుదలను గూర్చి ఒక మాట. యంత్రము ఖరీదు 4,80,000 రూపాయలై, అది పదేండ్లు పనిచేయునని తలంచినచో ఏటికి 48,000, నెలకు 4,000 రూపాయలు అరిగిపోవుచున్నదని యర్థము. ఈ సొమ్ము నేడు ఎవరికిని చెల్లింపనక్కరలేదు. కాని దానిని వేరుగా దాచనిచో, యంత్రము పాడైననాడు మరల అప్పే గతి యగును.

60,000 రూపాయల ఖర్చును కిలోకు మిగులు 40 రూపాయలతో భాగింపగా 1,500 వచ్చును. అనగా నెలకు 1,500 కిలోలు అమ్మువరకు మిల్లుకు లాభము లేదు. ఆపైన అమ్మిన ప్రతి కిలోకు 40 రూపాయలు లాభము. నెలకు 2,000 కిలోలు అమ్మినచో 20,000 రూపాయలు మిగులును. ఈ 1,500 కిలోల మట్టము యజమాని నోటి చివర నుండవలెను. నెలలో ఇరువదవ తేదీకి ఈ మట్టము చేరినామా, లేదా యని చూచుకొనవలెను.

ఇప్పుడొక పెద్ద దుకాణదారుడు వచ్చి "కిలోకు పది రూపాయలు తగ్గించితివా, సరకంతయు నీ యొద్దనే కొందును" అనును. పది రూపాయలే గదా యని అందరికిని ఆ ధరకే వేసినచో కిలోకు మిగులునది 30 రూపాయలగును. ఖర్చులు గట్టెక్కుటకు 2,000 కిలోలు అమ్మవలెను. అనగా నిన్నటివరకు 20,000 లాభమిచ్చిన అమ్మకమే నేడు సున్న చూపును. పూర్వపు లాభము నిలువవలెనన్నచో 2,667 కిలోలు అమ్మవలెను. ధరలో నూటికి నాలుగు రూపాయలైనను లేని తగ్గింపు లాభమునంతయు మ్రింగివేసినది. బేరమునకు ముందు లెక్క కట్టినవాడు "అయిదు తగ్గింతును గాని రొక్కమియ్యవలెను" అని చెప్పగలడు.

లాభమున్నను రొక్కము లేదేల?

మన మిల్లు యజమాని నెలకు 2,000 కిలోలు 270 రూపాయల ధరకే అమ్ముచున్నాడు. ఏటికి 2,40,000 రూపాయలు లాభము. అయినను శనివారము కూలీలకు ఇచ్చుటకు చేతిలో డబ్బులేదు! దుకాణమునకు పోయి అడిగినచో సమాధానమిది:

"బాబాయ్, ఈ వారం వసూళ్ళు లేవు. పై వారం తప్పకుండా చూద్దాం."

"అట్లాగేలేరా అబ్బాయ్" అని తిరిగి వచ్చుటయే యగుచున్నది. ఇక్కడ మూడవ లెక్క అవసరము. రూపాయి మిల్లునుండి బయలుదేరి మరల మిల్లుకు చేరుటకు ఎన్ని దినములు పట్టుచున్నది?

అతడు మూడు నెలలకు సరిపడు కాయలు కొని శీతల గిడ్డంగిలో ఉంచినాడు. నెలకు 4,00,000 రూపాయల కాయలు ఆడును గనుక 12,00,000 రూపాయలు గిడ్డంగిలో నున్నవి. ఇది 90 దినములు. దుకాణదారులు 45 దినములకు సొమ్మిచ్చుచున్నారు. దినమునకు 18,000 రూపాయల అమ్మకము గనుక 8,10,000 రూపాయలు బజారులో నున్నవి. కమీషను వ్యాపారి అతనికి 15 దినముల గడువిచ్చుచున్నాడు. అది 2,00,000 రూపాయలు. మొదటి రెండింటిని కలిపి మూడవదానిని తీసివేయగా 18,10,000 రూపాయలు, 120 దినములపాటు చిక్కుకొనియున్నవి. లాభము పుస్తకములో నున్నది. రొక్కము గిడ్డంగిలోను బజారులోను ఉన్నది.

బ్యాంకులు దీనిని ఎట్లు లెక్కించునో తెలిసికొనుట మేలు. పి. ఆర్. నాయక్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన సంఘము 1992లో ఒక సూత్రము సూచించినది. దాని ప్రకారము చిన్న పరిశ్రమకు ఏడాది అమ్మకములో నాలుగవ వంతు నిర్వహణ పెట్టుబడిగా కావలసియుండును. అందులో అమ్మకముపై 20 శాతము బ్యాంకు, 5 శాతము యజమాని భరింపవలెను. మన మిల్లు ఏడాది అమ్మకము 64,80,000 రూపాయలు. నాలుగవ వంతు 16,20,000. బ్యాంకు ఇచ్చునది 12,96,000. యజమాని పెట్టవలసినది 3,24,000. కాని చిక్కుకొన్నది 18,10,000. మిగిలిన 1,90,000 రూపాయలు ఎచ్చటినుండి వచ్చును? ఇక్కడనే చేబదులు, ప్రోనోటు, అధిక వడ్డీ ప్రవేశించుచున్నవి.

దీనికి మందు కొత్త అప్పు కాదు. దుకాణదారుల గడువును 45 దినములనుండి 30 దినములకు తగ్గించినచో, దినమునకు 18,000 చొప్పున 15 దినములకు 2,70,000 రూపాయలు విడుదల యగును. ఏడాది పొడుగున సంపాదించు లాభముకంటె ఇది యెక్కువ! చిక్కుకొన్న సొమ్ము 15,40,000కు దిగును. చేబదుళ్ళ యవసరమే యుండదు. అందుకై బాకీల పట్టీని ప్రతి సోమవారము చూచి, గడువు దాటినవారికి కొత్త సరకు వేయుటకు ముందు పాత బాకీ రాబట్టవలెను. బంధుత్వము చెడకుండ అడుగుటకు పుస్తకమే సాయపడును. "పద్దు ప్రకారం పదో తేదీతో గడువైపోయింది, అబ్బాయ్" అన్నమాటలో కోపము లేదు. లెక్క మాత్రమే యున్నది.

నూటికి రెండు రూపాయలు

మన ప్రాంతమున వడ్డీని నూటికి నెలకింత యని చెప్పుట వాడుక. "రెండు రూపాయల వడ్డీయే గదా" యని చులకనగా తీసికొందురు. నెలకు రెండు రూపాయలనగా ఏటికి 24 శాతము. మూడు రూపాయలనగా 36 శాతము. పై 1,90,000 రూపాయలను రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏటికి 45,600 రూపాయలు వడ్డీకే పోవును. అనగా రెండు నెలల లాభము హరించుకొనిపోవును.

కాయలు నిలువచేయుటలో మఱియొక ప్రమాదము కలదు. 2023లో క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికిన మిరప ధర, తరువాత ఎంతగా పడిపోయెననగా, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్ మిరపకు 11,781 రూపాయలుగా మార్కెట్ జోక్య ధరను నిర్ణయింపవలసివచ్చెను. 18,000 చొప్పున 12,00,000 రూపాయల కాయలు నిలువచేసినవాని సరకు, ధర 12,000కు పడినచో 8,00,000 చేయును. నాలుగు లక్షలు కొంప ముంచును. సంవత్సరపు లాభము 2,40,000 దానికి చాలదు. కారము ఆడుట ఒక వ్యాపారము. ధర పెరుగునని కాయలు దాచుట మఱియొక వ్యాపారము. అప్పు తెచ్చి రెండవది చేయుట, వలయపు ఆటలో మేకునకు మరీ దూరమున నిలుచుటయే.

చట్టము, శిక్షణ

బాకీల విషయమున చిన్న పరిశ్రమలకు చట్టపు అండ కలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారి సరకు గైకొన్నవారు ఒప్పుకొన్న గడువులో సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువు 45 దినములు మించరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ ఇయ్యవలెను. దీనికై పరిశ్రమ 2020లో ప్రారంభమైన ఉద్యమ్ నమోదు చేసికొనియుండుట మంచిది. కాని బిల్లు లేని బాకీకి చట్టమైనను సాయపడజాలదు. ఇచ్చటను మొదట కావలసినది కాగితమే.

శిక్షణ కోరువారికి జిల్లాలలో బ్యాంకుల యాజమాన్యమున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడచుచున్నవి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మసంస్థ, సిండికేటు బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి స్థాపించిన శిక్షణాలయమే వీనికి మాతృక. గ్రామీణ యువతీ యువకులకు వసతి, భోజనములతో ఉచితముగా శిక్షణనిచ్చి, పిమ్మటను వారి వ్యాపారపు మంచిచెడ్డలు విచారించుట వీని పద్ధతి. మీ బ్యాంకు మేనేజరునో, జిల్లా పరిశ్రమల కేంద్రమునో అడిగినచో వివరములు తెలియగలవు. శిక్షణకు పోవునప్పుడు మీ చిట్టాను వెంట తీసికొనిపొండు. ఇతరుల లెక్కపై నేర్చిన పాఠము మరపునకు వచ్చును. సొంత లెక్కపై నేర్చినది నిలుచును.

అభ్యాసము

పాఠకులు ఈ క్రింది ప్రశ్నలకు తమ వ్యాపారమునుండి సమాధానములు ఒక కాగితముపై వ్రాసికొందురు గాక.

1. గడచిన నెలలో వ్యాపారపు పెట్టెనుండి ఇంటి ఖర్చులకు పోయినదెంత? మీ జీతముగా ఎంత నిర్ణయించుకొనగలరు?
2. తరుగుతో సహా ఒక కిలోకు, లేదా ఒక వస్తువునకు, నిజముగా పడిన ఖర్చెంత?
3. నెలకు ఎంత అమ్మినచో మీ తప్పని ఖర్చులు గట్టెక్కును?
4. మీ రూపాయి బయలుదేరి తిరిగి వచ్చుటకు ఎన్ని దినములు పట్టుచున్నది? అందు పది దినములు ఎచ్చట తగ్గింపగలరు?
5. మీ అప్పులన్నిటి వడ్డీని ఏటి లెక్కకు మార్చినచో ఏది యెక్కువ భారము? దానిని మొదట తీర్చు మార్గమేది?

మిరప కోతలు మొదలగుటకు ముందే ఈ అయిదు లెక్కలు కట్టుకొన్న యజమాని యార్డుకు పోయి ఎంత కొనవలెనో, ఎంత అరువియ్యవలెనో తానే నిర్ణయింపగలడు. రైతునకు ఇయ్యవలసిన సొమ్ము చెప్పిన తేదీకి ఇయ్యగలడు. శనివారము సాయంత్రము కూలి డబ్బులకై వేచియున్న స్త్రీల కన్నులలోనికి సూటిగా చూడగలడు.